టెస్టోస్టెరాన్ 228 వచ్చింది, ఇంజెక్షన్ వేయించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 41. మాది రణస్థలం దగ్గర ఊరు. పైడిభీమవరంలో మందుల కంపెనీలో పని, మూడు షిఫ్టులూ మారుతుంటాయి. షుగర్ వచ్చి ఆరేళ్ళయింది. మెట్‌ఫార్మిన్ 1000 రెండు పూటలా, గ్లిమిపిరైడ్ 2 పొద్దున వాడుతున్నాను. మొన్న హెచ్‌బీఏ1సీ (మూడు నెలల చక్కెర సగటు) 8.6 వచ్చింది. ఎత్తు 166 సెం.మీ., బరువు 84 కిలోలు, నడుము 104 సెం.మీ. కడుపుబ్బరం తగ్గడానికి ఏడాదిన్నరగా పరగడుపున రాబెప్రజోల్, లెవోసల్పిరైడ్ కలిసిన క్యాప్సూల్ వేసుకుంటున్నాను. కొన్ని నెలలుగా విపరీతమైన నీరసం. భార్య దగ్గరకి వెళ్ళాలన్న కోరికే తగ్గిపోయింది, వెళ్ళినా అంగం సరిగా గట్టిపడటం లేదు. సి షిఫ్టు (రాత్రి డ్యూటీ) దిగి, కాసేపు పడుకుని, భోంచేసి మధ్యాహ్నం మూడున్నరకి రక్తం ఇస్తే టెస్టోస్టెరాన్ 228 వచ్చింది. 300 ఉండాలట. తెలిసిన జిమ్ కుర్రాడు టెస్టోస్టెరాన్ 250 మి.గ్రా. ఇంజెక్షన్లు నెలకి రెండు చేయించుకుంటే సరిపోతుందన్నాడు. మాకు ఒక పాప, రెండో బిడ్డ కోసం చూస్తున్నాం. ఏం చేయమంటారు? పేరు వేయవద్దు.

సమాధానం: ఆ ఇంజెక్షన్ వేయించుకోకండి. రెండో బిడ్డ కావాలనుకుంటున్నారు కాబట్టి మీ విషయంలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. బయటి నుంచి టెస్టోస్టెరాన్ రక్తంలోకి రాగానే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి 'సరిపడా ఉంది' అనుకుని ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను పంపడం ఆపేస్తుంది. అవి అందకపోతే వృషణాలు సొంత టెస్టోస్టెరాన్‌నీ, వీర్యకణాలనీ తయారుచేయడం మానేస్తాయి. రక్తంలో నెంబరు బాగానే కనిపిస్తుంది, కానీ వృషణం లోపల హార్మోను అడుగంటుతుంది. కొన్ని నెలల్లో చాలామందికి వీర్యకణాలు సున్నాకి చేరుకుంటాయి. ఇంజెక్షన్ మానేశాక మళ్ళీ రావడానికి ఆరు నెలలు పట్టవచ్చు, రెండేళ్ళూ పట్టవచ్చు. మగవారికి గర్భనిరోధక సాధనంగా పనికొస్తుందేమో చూద్దామని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 200 మి.గ్రా. చొప్పున పరీక్షించినది ఈ హార్మోన్నే. ఆ ఫలితాలు 1990లో వచ్చాయి. బిడ్డ కోసం చూస్తున్న ఇంట్లో దీన్ని బలం మందు అనుకుని వాడటం ఎంత తప్పో మీకే అర్థమవుతుంది.

ఇక ఆ 228 సంగతి. మీరు రక్తం ఇచ్చిన తీరు చూస్తే ఆ నెంబరు తక్కువ రావడానికి మూడు కారణాలు ముందే సిద్ధంగా ఉన్నాయి. ఒకటి, వేళ. టెస్టోస్టెరాన్ రాత్రి నిద్రలో పెరుగుతూ పోయి తెల్లవారేసరికి గరిష్ఠంగా ఉంటుంది, సాయంత్రానికి దిగుతుంది. మీ వయసు వారిలో పొద్దున 8 గంటలకీ సాయంత్రం 4 గంటలకీ మధ్య 20 నుంచి 25 శాతం తేడా ఉంటుంది. రెండు, భోజనం. తిన్నాక, ముఖ్యంగా అన్నం లాంటి పిండిపదార్థం తిన్నాక, ఒకటి రెండు గంటలపాటు ఇది పడిపోతుంది. పరీక్షకోసం గ్లూకోజు నీళ్ళు తాగించినప్పుడు పావు వంతు దాకా తగ్గినట్టు తేలింది. మూడు, రాత్రంతా మెలకువగా ఉండటం. అలాంటి రోజు తీసిన నెంబరుతో మీకు లోపం ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. ఆ కాగితం పక్కన పెట్టి పరీక్ష మళ్ళీ చేయించుకోండి.

మీ షిఫ్టుల మధ్య దానికి అనువైనది బి షిఫ్టు వారం. ఎ షిఫ్టులో నాలుగింటికే లేవాలి, సి షిఫ్టులో రాత్రి నిద్ర ఉండదు. బి షిఫ్టులో రాత్రి పది దాటాక ఇల్లు చేరి పదకొండున్నరకి పడుకుంటే ఏడింటి దాకా నిద్రపోవచ్చు. అలా కనీసం నాలుగు రాత్రులు పడుకున్నాక, ఐదో రోజో ఆరో రోజో పరగడుపున తొమ్మిదిలోపు రక్తం ఇవ్వండి. మంచినీళ్ళు తాగవచ్చు, టీ వద్దు. గ్లిమిపిరైడ్ కూడా వేసుకోకుండా వెళ్ళండి. జేబులో పెట్టుకుని, రక్తం ఇచ్చి టిఫిన్ తినబోయే ముందు వేసుకోండి. జ్వరం వచ్చిన వారంలోనో, ఇంకేదైనా జబ్బు ముదిరి ఉన్నప్పుడో ఈ పరీక్ష వద్దు, ఒంట్లో బాగోకపోతే ఎవరికైనా ఈ హార్మోను పడిపోతుంది. జుట్టు రాలకుండా బయోటిన్ మాత్రలు వాడుతుంటే మూడు రోజుల ముందే ఆపండి. కొన్ని పరీక్ష కిట్లలో బయోటిన్ వల్ల టెస్టోస్టెరాన్ లేనిది ఉన్నట్టు ఎక్కువగా చూపిస్తుంది. మొదటిసారి తక్కువ వస్తే కొన్ని వారాల తర్వాత, అలాగే బి షిఫ్టులో, అదే ల్యాబ్‌లో రెండోసారి. రెండుసార్లూ తక్కువ ఉంటేనే లెక్కలోకి వస్తుంది.

ఆ రక్తంతోనే ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్ కూడా చూడమనండి. ఎస్‌హెచ్‌బీజీ పరీక్షని విజయనగరం, శ్రీకాకుళం ల్యాబులు బయటి ఊరికి పంపిస్తే రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది, కంగారు పడకండి. మీకు అసలు ముఖ్యమైన పరీక్ష ఇదే. రక్తంలో టెస్టోస్టెరాన్ ఒంటరిగా తిరగదు. కొంత ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌కి గట్టిగా అతుక్కుని, మిగతాది దాదాపు అంతా ఆల్బుమిన్‌కి వదులుగా అతుక్కుని ఉంటుంది. ఏ ప్రొటీన్‌కీ అతుక్కోకుండా మిగిలిన రెండు మూడు శాతమే నేరుగా కణాల్లోకి వెళ్ళగలదు. పొట్ట పెరిగి, ఇన్సులిన్‌కి ఒళ్ళు మొండికేసిన వారిలో కాలేయం ఎస్‌హెచ్‌బీజీని తక్కువగా తయారుచేస్తుంది. మోసే బండ్లు తగ్గితే మొత్తం సరుకు లెక్క తగ్గినట్టు కనిపిస్తుంది, చేతికందే సరుకు మాత్రం సరిపడానే ఉండవచ్చు.

లెక్క వేసి చూపిస్తాం. ఇద్దరికీ మొత్తం టెస్టోస్టెరాన్ డెసిలీటరుకి 240 నానోగ్రాములు, ఆల్బుమిన్ 4.3 అనుకుందాం. మొదటాయనకి ఎస్‌హెచ్‌బీజీ 12 ఉంటే, దేనికీ అతుక్కోని టెస్టోస్టెరాన్ మిల్లీలీటరుకి సుమారు 73 పికోగ్రాములు తేలుతుంది. రెండో ఆయనకి ఎస్‌హెచ్‌బీజీ 45 ఉంటే అది 38 దగ్గరే ఆగిపోతుంది. 65 కన్నా తగ్గితే లోపం ఉండవచ్చని సాధారణంగా అనుకుంటారు. పై నెంబరు ఒకటే అయినా మొదటాయనకి తగ్గాల్సింది పొట్ట, రెండో ఆయనకి హార్మోను లోపం నిజంగానే ఉండవచ్చు. ఎత్తు, బరువు చూస్తే మీరు మొదటాయన గుంపులో ఉండే అవకాశం ఎక్కువ. ఒక జాగ్రత్త: 'ఫ్రీ టెస్టోస్టెరాన్' అని ల్యాబుల్లో నేరుగా చేసే చవక పరీక్ష నమ్మదగింది కాదు. ఈ మూడు నెంబర్లతో డాక్టరు లెక్కకట్టిందే మేలు.

నిజంగానే తగ్గిందని తేలితే ఎందుకు తగ్గిందో చూడాలి. టైప్ 2 షుగర్ ఉన్న మగవారిలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందికి ఈ హార్మోను తక్కువ ఉంటుంది. వీరిలో చాలామందికి వృషణాలు పాడైపోయి కాదు. టెస్టోస్టెరాన్ తగ్గినప్పుడు ఎల్‌హెచ్ పెరిగి వృషణాలను తట్టిలేపాలి. వీరిలో ఎల్‌హెచ్ పెరగకుండా మామూలుగానే, లేదా తక్కువగానే ఉండిపోతుంది. అంటే సమస్య పైన, మెదడులో ఉంది. పొట్టలో పేరుకున్న కొవ్వు వాపు రసాయనాలను విడుదల చేస్తుంది, కొంత టెస్టోస్టెరాన్‌ని ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుంది. మెదడు కూడా ఇన్సులిన్ మాట సరిగా వినదు. వీటన్నిటితో పిట్యూటరీకి అందాల్సిన ఆజ్ఞ బలహీనపడుతుంది. టైప్ 1 షుగర్ వారిలో, చక్కెర ఎంత ఎక్కువున్నా, ఇది ఇంతగా కనిపించదు. కాబట్టి తప్పు రక్తంలోని చక్కెరది ఒక్కదానిదే కాదు, నడుము కొలతది ఎక్కువ. మరోవైపు ఎల్‌హెచ్ బాగా పెరిగి టెస్టోస్టెరాన్ తగ్గితే సమస్య వృషణాలలోనే ఉన్నట్టు. చిన్నప్పటి గవదబిళ్ళలు, దెబ్బలు, పుట్టుకతో వచ్చిన లోపాలు అప్పుడు వెతకాలి. అందుకే రెండో పరీక్షతో పాటు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ (తల్లుల్లో పాలు పుట్టించే హార్మోను, మగవారిలోనూ కొద్దిగా ఉంటుంది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), రక్తకణాల పరీక్ష రాయించుకోండి.

ప్రొలాక్టిన్ అనగానే మీ ఉత్తరంలో మాకు అన్నిటికన్నా ముందు కంటపడింది ఆ గ్యాస్ క్యాప్సూల్. అందులో రాబెప్రజోల్‌తో పేచీ లేదు, లెవోసల్పిరైడ్‌తోనే. పొట్ట త్వరగా ఖాళీ కావడానికి ఇస్తారు. అది డోపమైన్ పనిని అడ్డుకుంటుంది. డోపమైన్ అడ్డులేకపోతే పిట్యూటరీ నుంచి ప్రొలాక్టిన్ కట్ట తెగినట్టు వస్తుంది. ప్రొలాక్టిన్ పెరిగితే ఎల్‌హెచ్ తగ్గుతుంది, దాంతో టెస్టోస్టెరాన్, కోరిక, అంగస్తంభన మూడూ తగ్గుతాయి. కొందరు మగవారికి రొమ్ములు ఉబ్బుతాయి. కొద్ది వారాలకని రాసిన క్యాప్సూల్‌ని మందుల షాపులో చీటీ లేకుండా ఏడాదిన్నర తెచ్చుకోవడం మన దగ్గర మామూలైపోయింది. పేరు వేరైనా డొంపెరిడోన్ కలిసిన వాటిదీ ఇదే దారి.

అసలు మీకు ఉబ్బరం ఎందుకు వచ్చింది? మెట్‌ఫార్మిన్ రోజుకి 2000 వాడుతున్నారు. అది మామూలు మాత్ర అయితే, అందులోనూ పరగడుపున వేసుకుంటుంటే, ఉబ్బరం, తేన్పులు, విరేచనాలు దాని పనే కావచ్చు. కడుపుబ్బరానికి మందు, ఆ మందుకి ప్రొలాక్టిన్, ప్రొలాక్టిన్‌కి టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్, ఇలా ఒకదాని తోక పట్టుకుని ఒకటి వచ్చాయేమో చూడాలి. మీ డాక్టరుని రెండు అడగండి: మెట్‌ఫార్మిన్‌ని మెల్లగా కరిగే ఎస్‌ఆర్ రకానికి మార్చి, కడుపునిండా తిన్న వెంటనే వేసుకోవచ్చా? లెవోసల్పిరైడ్ ఆపి ఉత్త రాబెప్రజోల్ కొద్దిరోజులు చాలా? ఆపిన రెండు మూడు వారాల తర్వాత పైన చెప్పిన పరీక్షలు చేయిస్తే నిజమైన బొమ్మ కనిపిస్తుంది. కొద్దిగా తినగానే కడుపు నిండిపోవడం, తిన్నది గంటల తర్వాత వాంతి కావడం ఉంటే మాత్రం అది షుగర్ వల్ల పొట్ట నరాలు మందగించడం కావచ్చు. అది వేరే వైద్యం, డాక్టరుకి విడిగా చెప్పండి.

నడుంనొప్పికో మోకాళ్ళకో ట్రమడాల్ కలిసిన మాత్రలు రోజూ వాడుతున్నారా? అదీ ఎల్‌హెచ్‌ని అణుస్తుంది. ఊళ్ళో నొప్పులకి వేసే ఇంజెక్షన్లలో డెక్సామెథాసోన్, బీటామెథాసోన్ ఉంటాయి. ఆయుర్వేదమని పొట్లాల్లో అమ్మే కొన్ని పొడుల్లో కూడా స్టెరాయిడ్ కలుపుతారు. ఇవి చక్కెరనీ పెంచుతాయి, మగ హార్మోన్నీ తగ్గిస్తాయి. రోజూ మద్యం తాగే అలవాటు ఉంటే అది నేరుగా వృషణాల మీదే దెబ్బ. కొలెస్టరాల్‌కి ఇచ్చిన స్టాటిన్ని మాత్రం దీనికి భయపడి మానేయకండి, దాని ప్రభావం లెక్కపెట్టేంత ఉండదు, గుండెకి అది చేసే మేలు పెద్దది.

నిద్ర విషయం షిఫ్టు మనుషులకి చెప్పడం తేలిక, చేయడం కష్టం. అయినా చెప్పాలి. 2011లో షికాగో విశ్వవిద్యాలయం వారు ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళని వారంపాటు రాత్రికి ఐదు గంటలే పడుకోనిస్తే పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. సి షిఫ్టు వారంలో రాత్రి రెండు దాటాక టీ తాగకండి. పొద్దున ఇంటికి వచ్చేటప్పుడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకోండి, ఎండ కంటికి తగిలితే నిద్ర ఎగిరిపోతుంది. కొద్దిగా తిని, కిటికీకి దళసరి దుప్పటి కట్టిన గదిలో ఒకే దఫాలో ఆరు గంటలన్నా పడుకోండి. ఇంట్లో పనులకి మధ్యలో లేపవద్దని ముందే చెప్పండి. గట్టిగా గురక పెడుతున్నారా, నిద్రలో ఊపిరి ఆగినట్టవుతోందా అని మీ భార్యని అడగండి. అవునంటే, మెడ కొలత 40 సెం.మీ. దాటితే మరీ, నిద్ర పరీక్ష చేయించాలి. అలాంటి వారికి టెస్టోస్టెరాన్ ఇస్తే ఆ జబ్బు ముదరవచ్చు.

సి షిఫ్టు వారంలో గ్లిమిపిరైడ్‌తో ఇంకో ప్రమాదం ఉంది. పొద్దున ఏడింటికి మాత్ర వేసుకుని ఏమీ తినకుండా పడుకుంటే నిద్రలోనే చక్కెర పడిపోతుంది. చెమటలు, గుండెదడ, లేచాక తలనొప్పి, తికమక దాని గుర్తులు. అప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగి, పావుగంట తర్వాత గ్లూకోమీటరుతో చూసుకోండి. ఏ షిఫ్టులోనైనా ఈ మాత్ర మీరు లేచాక తినే మొదటి పెద్ద భోజనంతోనే ఉండేలా డాక్టరుతో మాట్లాడి మార్చుకోండి. పైగా ఇది బరువు పెంచే మందు. దీని బదులు ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటిది పనికొస్తుందేమో అడగండి. చవక రకాలు ఇప్పుడు దొరుకుతున్నాయి, రెండు మూడు కిలోలు తగ్గిస్తుంది. అది వాడితే మూత్రం వెళ్ళిన ప్రతిసారీ అక్కడ నీళ్ళతో కడిగి పొడిగా ఉంచుకోవాలి, లేకపోతే ఫంగస్ వస్తుంది. వేడి ఎక్కువుండే బ్లాకులో పనైతే నీళ్ళు బాగా తాగాలి, వాంతులైన రోజున, ఉపవాసం రోజున ఆ మాత్ర ఆపాలి.

బరువు విషయంలో మీకు పెట్టుకోదగ్గ లక్ష్యం ఆరు నెలల్లో 84 నుంచి 76కి రావడం. బరువులో పదో వంతు తగ్గినవారిలో మొత్తం టెస్టోస్టెరాన్ సగటున 80 నానోగ్రాముల దాకా పెరిగినట్టు చాలా పరిశోధనలను కలిపి చూస్తే తేలింది. వీర్యకణాలకి హాని చేయకుండా నెంబరు పెంచే మార్గం ఇది. పూటకి 50 గ్రాముల బియ్యంతో వండిన అన్నం చాలు, వండాక అది 150 గ్రాములవుతుంది. దానికి రెట్టింపు కూర, గుడ్లో చేపో పప్పో తప్పకుండా. చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ అది షుగర్ మందు కాదు. 100 గ్రాముల చోడి పిండిలో 65 నుంచి 70 గ్రాములు పిండిపదార్థమే, నూకలు వేసి కాచితే ఇంకా ఎక్కువ. పెద్ద గ్లాసుడు అంబలి తాగిన పూట అన్నం ఆ మేరకు తగ్గాలి. జింక్ కోసమని పలాస జీడిపప్పు గుప్పెళ్ళకొద్దీ తినేవారున్నారు. జింక్ లోపం లేనివారికి దానితో హార్మోను పెరగదు, 100 గ్రాములకి దాదాపు 600 కేలరీలు మాత్రం చేరతాయి. తిన్నాక పావుగంట నడక రోజూ, వారానికి మూడు రోజులు గుంజీళ్ళు, గోడకి చేతులు ఆనించి చేసే దండీలు, బరువులెత్తడం. మొదలుపెట్టే ముందు ఒక ఈసీజీ తీయించండి, పాదాల్లో స్పర్శ చూపించుకోండి.

ఈసీజీ ఎందుకంటే, మీ అంగస్తంభన సమస్యకి టెస్టోస్టెరాన్ కన్నా రక్తనాళాలు, నరాలు ఎక్కువ కారణం కావచ్చు. ఆరేళ్ళ షుగర్, 8.6 హెచ్‌బీఏ1సీ ఉన్నవారిలో అక్కడి సన్నని నాళాలు ముందు మూసుకుంటాయి, గుండె నాళాల వంతు కొన్నేళ్ళ తర్వాత వస్తుంది. నడిస్తే ఛాతీ పట్టేసినట్టుంటే ఆలస్యం చేయకండి. సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు షుగర్ వారికీ పనిచేస్తాయి, కానీ డాక్టరు చూశాకే. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటివి వాడేవారికి రెండూ కలిస్తే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. 'మగతనం' క్యాప్సూళ్ళని అమ్మే వాటిలో ఈ సిల్డెనాఫిలే చెప్పకుండా కలిపిన సందర్భాలు ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. నీరసానికి బి12 కూడా చూడండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గి నీరసం, అరికాళ్ళ తిమ్మిర్లు వస్తాయి.

రెండో బిడ్డ కోసం వీర్య పరీక్ష ఇప్పుడే చేయించండి. రెండు నుంచి ఏడు రోజులు కలయిక లేకుండా ఉండి నమూనా ఇవ్వాలి, గంటలోపు ల్యాబ్ చేతికి అందాలి. పరిమాణం 1.4 మి.లీ., మిల్లీలీటరుకి 1.6 కోట్ల కణాలు, కదిలేవి 42 శాతం, ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దులు. పరిమాణం బాగా తక్కువుంటే షుగర్ వల్ల వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి వెళుతోందేమో మూత్ర పరీక్షతో చూడాలి.

ఈ జవాబు చదివే మరి ఇద్దరికి ఒక్కో మాట. ఉద్దానం వైపు వారికి: కిడ్నీ దెబ్బతింటే దానంతట అదే ప్రొలాక్టిన్ పెరిగి టెస్టోస్టెరాన్ తగ్గుతుంది, రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ కూడా తప్పు చెప్పవచ్చు, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ ముందు చూపించుకోండి. ఆడవారికి: ఇదే ఇన్సులిన్ ఎక్కువైతే అండాశయాలు మగ హార్మోన్ని అవసరానికి మించి తయారుచేస్తాయి. నెలసరి తప్పడం, గడ్డం దగ్గర వెంట్రుకలు ఉంటే స్త్రీ వైద్యులకి చూపించుకోవాలి.

మందులు మార్చి, రెండు పొద్దుటి పరీక్షలూ అయ్యాక కూడా తక్కువే ఉంటే ఎండోక్రైనాలజిస్టుకి (హార్మోన్ల డాక్టరుకి) చూపించండి. విశాఖ కేజీహెచ్‌లో ఆ విభాగం ఉంది. టెస్టోస్టెరాన్ 150 లోపు ఉండి ఎల్‌హెచ్ కూడా తక్కువుంటే, లెవోసల్పిరైడ్ మానినా ప్రొలాక్టిన్ దిగకపోతే, తలనొప్పితో పాటు పక్కచూపు తగ్గితే పిట్యూటరీకి ఎంఆర్‌ఐ తీస్తారు. బిడ్డ కావాలనుకునేవారికి వృషణాలని పనిచేయించే క్లోమిఫిన్ మాత్రలు, హెచ్‌సీజీ ఇంజెక్షన్లు ఉన్నాయి. వాటిని వాడాలో వద్దో ఆ ఎండోక్రైనాలజిస్టే నిర్ణయిస్తారు. వెళ్ళేటప్పుడు మధ్యాహ్నం తీసిన 228 రిపోర్టు, కొత్తవి రెండూ, ఒక్కోదానికి రక్తం ఇచ్చిన గంట, ఆ వారం ఏ షిఫ్టు, ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు అన్నవి రాసి పట్టుకెళ్ళండి. వాడే మందుల అట్టలన్నీ, గ్యాస్‌వీ నొప్పులవీ సహా, ఒక సంచీలో వేసుకెళ్ళండి.